కబురు మోసే వెట్టి ఇంకెన్నాళ్ళు?

పోయిన నెల పెనుకొండ పక్కన ఒక గేరిలో మీటింగు పెట్టుకున్నాం. మీటింగు అయిపోయి అందరూ లేస్తావుంటే ఒక అవ్వ కొంగుముడి విప్పి బటన్ల సెల్లు తీసింది. "సారూ, దీంట్లో ఏందో వచ్చుండాది, రోంత చూడు నాయనా" అనింది. చూస్తే బ్యాంకు వాళ్ళ మెసేజీ, ఇంగ్లీషులో. ఆమె ఖాతాలో కూలి డబ్బు పడిందని దాని సారాంశం. అది వచ్చి అప్పటికి రెండు నెలలు దాటింది. డబ్బు పడలేదనుకుని ఆ రెండు నెలలూ అవ్వ వడ్డీకి తెచ్చుకుని పొయ్యి వెలిగించింది. కబురు ఆమె కొంగులోనే ఉండాది. ఆమెకు మాత్రం చేరలేదు.

మెసేజీలొచ్చి లోకం మన చేతిలోకి వచ్చేసిందని కొందరు రాస్తున్నారు. మెసేజీలొచ్చి లోకం చెడిపోయింది, మనిషికీ మనిషికీ మాట లేకుండా పోయిందని ఇంకొందరు రాస్తున్నారు. రెండు రకాల వాళ్ళూ ఊరి నడిమధ్య అరుగు మీద కూర్చుని రాసేవాళ్ళే. అరుగు మీదోళ్ళకు మొదటి నుంచీ మాట ఉండింది కాబట్టి పోయిందని ఏడుస్తారు. మనకు ఎప్పుడుండింది గనక పోవడానికి? అందుకే ఈ సంగతిని గేరిలో నిలబడి మళ్ళీ మొదటికాడి నుంచి చూడాల్సిన పని పడింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల తిరుగుతూ చూసిందీ, విన్నదీ, మాలో మేము కొట్లాడుకుని తేల్చుకున్నదీ ఇక్కడ రాస్తున్నాం.

మాట వాళ్ళది, కాళ్ళు మనవి

ఊర్లో పెద్దరెడ్డి ఇంట్లో సావు జరిగితే చుట్టూ పది ఊర్లకు కబురు మోసింది ఎవరు? మన తాతలే. తోటి అని, వెట్టోడు అని పేరు. రాత్రనక పగలనక, వాననక ఎండనక కాలినడకన పోవాల. పోయిన ఊర్లో వాకిలికి అంత దూరంలో నిలబడి, తలగుడ్డ తీసి చంకన పెట్టుకుని, "ఫలానా అయ్య పోయినాడు సామీ" అని చెప్పాల. దొప్పలో ఏసిన సంగటి ముద్ద తిని మళ్ళీ ఇంకో ఊరి దారి పట్టాల. అదే తోటి ఇంట్లో సావు జరిగితే కబురు మోసిందెవరు? కండ్లు తుడుచుకుంటా ఆ తోటే.

పన్ను కట్టమని చాటింపు, చెరువు కింద నీళ్ళు వదుల్తారని చాటింపు, ఏలంపాట చాటింపు, జాతర చాటింపు. తప్పెట మనది, చేయి మనది, గొంతు మనది. ఊరంతా ఇనేట్టు అరిచింది మన నాలుకే గానీ ఆ అరుపులో మన మాట ఒక్కటీ లేదు. ఊరికి కబురు చెప్పే కులానికి ఊర్లో నోరు లేకుండా చేసినారు. ఇంత విచిత్రం ఏ దేశంలోనైనా ఉండాదా?

రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1984లో మన రాష్ట్రంలో కరణం, మునసబుల వంశపారంపర్య ఉద్యోగాలు కూడా రద్దయినాయి. చట్టం పోయినంత తొందరగా అలవాటు పోలేదు. సావుకు తప్పెట కొట్టనన్నందుకు, చాటింపు వేయనన్నందుకు బావి నీళ్ళు ఆపిన ఊర్లు, కూలికి పిలవకుండా కట్టడి చేసిన ఊర్లు మాకు తెలుసు, మీకూ తెలుసు.

ఉత్తరం వచ్చింది. ఉత్తరం మీద పేరు మనదే ఉంటుంది, అయినా అది గేరి దాకా నడిచి వచ్చేది కాదు. ఊర్లో అంగడి కాడో, హోటలు కాడో ఆగిపోయేది. అక్కడ పదిమంది తిప్పి చూసినాక, ఎవరో దయతలచి "ఒరే, మీకేదో కాగితం వచ్చిందిరా" అని చెప్తే పోయి తెచ్చుకోవాల. తెచ్చుకున్నాక చదివేదెవరు? మా నాయనది వేలిముద్ర. మా ఇంట్లో బడి మెట్లు ఎక్కింది మేమే మొదలు. ఐదో తరగతి నుంచే గేరిలో వచ్చిన ప్రతి ఉత్తరం మా చేతికి వచ్చేది. బెంగళూరులో రాళ్ళు కొట్టే కొడుకు రాయించిన ఉత్తరం, అత్తగారింట్లో కూతురు రాయించిన ఉత్తరం. అది చదువుతా ఉంటే తల్లి ఏడ్చేది, మేము ఆగేవాళ్ళం, మళ్ళీ చదివేవాళ్ళం. ఇక తంతి వచ్చిందంటే చదవకముందే ఏడుపు. ఆ తంతి సర్వీసును కూడా 2013 జూలైలో ప్రభుత్వం ఎత్తేసింది.

తర్వాత ఫోను. ఊర్లో మొదటి ఫోను ఎవరింట్లో పెట్టినారో చెప్పనక్కరలేదు. మన బిడ్డ బెంగళూరు నుంచి ఫోను చేస్తే ఆ ఇంటి వాకిట్లో కాచుకోవాల. మన కష్టం సుఖం వాళ్ళ ఇంటిల్లిపాదీ ఇంటావుంటే మాట్లాడాల.

గేరిలోకి నేరుగా వచ్చిన మొదటి కబురు

ఈ చరిత్ర తెలిసినోడికే సెల్లు విలువ తెలుస్తుంది. 1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో మొదటి ఎస్సెమ్మెస్ పోయింది. అది క్రిస్మస్ శుభాకాంక్షలు చెప్పిన రెండు మాటలు. మన దేశంలో సెల్‌ఫోను 1995లో మొదలైంది. మా వైపు గేరుల్లోకి 2000 దాటి కొన్నేళ్ళకు గానీ రాలేదు. వచ్చినాక ఏం జరిగింది? ఊరి అంగడి కాడ ఆగకుండా, రెడ్డి వాకిట్లో నిలబడకుండా, తలగుడ్డ తీయకుండా, కబురు నేరుగా మాదిగ గేరిలో, మాల గేరిలో మనిషి చేతికి వచ్చింది. మెసేజీ దారిలో నీ కులమేందని అడగలేదు. ఈ ఒక్క సంగతికి మేము సెల్లుకు దండం పెడతాం.

డబ్బు లేనోళ్ళం కాబట్టి ఫోనును మన పద్ధతిలో వాడుకున్నాం. మిస్డ్ కాల్ ఎవరు కనిపెట్టినారో గానీ దాన్ని భాషగా చేసింది బీదోళ్ళే. ఒక రింగు ఇస్తే బస్సు దిగినా అని అర్థం. రెండు రింగులిస్తే స్టేషన్‌కు రా అని. మూడు ఇస్తే డబ్బు పంపినా అని. పైసా ఖర్చు లేదు, అక్షరం అక్కరలేదు. హిందూపురం స్టేషన్‌లో తెల్లారుజామున బెంగళూరు రైలు ఎక్కే కూలోళ్ళ ఇండ్లలో ఈ రింగుల లెక్క పసిపిల్లలకు కూడా తెలిసుండేది.

అదే సెల్లు మన చేతిలో ఉంటే కొందరికి కడుపుమంట ఎందుకు? 2015 మే నెలలో మహారాష్ట్రలోని షిర్డీలో నర్సింగు చదివే దళిత కుర్రాణ్ణి చంపేసినారు. అతని ఫోను రింగుటోనులో అంబేద్కర్ పాట మోగడమే తప్పయింది. 2016లో గుజరాత్‌లోని మెహసానా జిల్లాలో ఒక ఊరి పెద్దలు పెండ్లికాని ఆడపిల్లలు సెల్లు ముట్టకూడదని కట్టడి చేసి జుర్మానా కూడా పెట్టినారు. "ఫోనొచ్చి పిల్లలు చెడిపోయినారు" అనే మాట ఇనపడినప్పుడల్లా మేము ఒకటే అడుగుతాం. ఎవరి పిల్లలు చెడిపోయినారు? ఇంజనీరింగు చదివే దొరబిడ్డ చేతిలో ఫోను చదువు అయినప్పుడు గార్మెంటు ఫ్యాక్టరీకి పోయే మన ఆడబిడ్డ చేతిలో చెడు ఎట్లయింది?

అక్షరం కాడ కూడా మోసమే

ఇంకో సంగతి చాలామందికి తెలియదు, బడిలో పిల్లలకు మేము లెక్క వేసి చూపిస్తాం. ఎస్సెమ్మెస్ అనేది ఇంగ్లీషు అక్షరాలకు 160 గదులున్న ఇల్లు. అదే ఇంట్లో తెలుగు రాస్తే గదులు 70కి పడిపోతాయి. పోనీ 70 అక్షరాలన్నా పడతాయా అంటే పడవు. మన గుడింతం, ఒత్తు, పొల్లు, ఒక్కోదానికి ఒక్కో గది కావాల. 'స్త్రీ' అని ఒక్క అక్షరం రాస్తే ఆరు గదులు నిండుతాయి. ఒక్కో మెసేజీకి డబ్బు కట్టిన రోజుల్లో తెలుగులో రాసినోడు రెండు మూడింతలు కట్టినాడు. పైగా చవక సెల్లుల్లో తెలుగు అక్షరాలే కనపడేవి కాదు, వాటి బదులు డబ్బాలు కనపడేవి.

దీనివల్ల ఏమైంది? మన పిల్లలు తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం నేర్చినారు. అది తప్పు అని మేము అనం. తెలివైన పిల్లలు దొరికిన దారిలో నడిచినారు. కానీ ఆ దారి అవ్వల కాడికి పోదు. ఇంగ్లీషు అక్షరం రాని తల్లికి కొడుకు మాట పరాయి కాగితమైపోయింది. ఇప్పుడు ఫోన్లలో తెలుగు బాగానే వస్తుంది, మాట్లాడితే అదే రాసుకుంటుంది కూడా. అలవాటు మాత్రం మారలేదు. పదో తరగతి పిల్లోడు రోజుకు నూరు మెసేజీలు కొడతాడు. తహసీల్దారుకు శ్మశానం స్థలం కోసం అర్జీ రాయరా అంటే ఐదు వాక్యాలు కూడదీసుకోలేడు. "ఎవరికి, ఎవరు, ఏ తేదీన, ఏ సర్వే నంబరు, ఏం కావాల" ఈ ఐదూ లేని అర్జీ చెత్తబుట్టకే పోతుంది. మన గేరికి దారి అడగడానికి, భూమి అడగడానికి, కేసు పెట్టడానికి ఇప్పటికీ అర్జీయే కావాల. బొమ్మలూ బొటనవేలి గుర్తులూ పనికిరావు. మనం వేలిముద్రలోనుంచి బయటపడింది మళ్ళీ బొటనవేలి బొమ్మలో పడిపోవడానికేనా?

2020 మార్చిలో కరోనాకు బడులు మూసినారు. పాఠాలు టీవీకీ ఫోనుకీ ఎక్కినాయి. మేము పాఠం మెసేజీ పెడితే సాయంత్రం దాకా చదివినట్టు గుర్తు రాని ఇండ్లు ఏవో చూస్తే అన్నీ గేరి ఇండ్లే. ఇంట్లో ఉండేది ఒక ఫోను. అది నాయన జేబులో పనికి పోయింటుంది. రాత్రి నాయన వచ్చేసరికి పిల్ల నిద్రపోయుంటుంది. ఆ రెండేండ్లు వెనకబడిన పిల్లలు ఇప్పుడు మన కండ్ల ముందర కూలికి పోతున్నారు. మెసేజీ కులం అడగదని పైన మేమే అన్నాం. అడగకపోయినా, ఫోను కొనేకాడ, రీచార్జి కాడ, చదువు కాడ కులం ముందే కూర్చోనుంటుంది.

ఫార్వర్డు కూడా వెట్టే

ఇప్పుడు గట్టిగా చెప్పాల్సిన మాట. తోటి ఎవరు? తనది కాని మాటను, అది నిజమో అబద్ధమో అడిగే హక్కు లేకుండా, కూలి లేకుండా, ఊరూరా మోసినోడు తోటి. ఈ పొద్దు సెల్లులో వచ్చినదాన్ని వచ్చినట్టే పది గ్రూపులకు తోసేవాడు ఎవరు? అదే పని చేసేవాడు. తేడా ఒకటే. ఆ తాతను కొట్టి చేయించినారు. మనం మన రీచార్జి మనమే వేసుకుని మరీ చేస్తున్నాం.

ఆ మాటలు ఎవరు పుట్టిస్తున్నారో, ఎవరి మీదికి పోతున్నాయో చూడండి. 2012 ఆగస్టులో ఈశాన్య రాష్ట్రాల వాళ్ళను కొడతారని పుకార్ల మెసేజీలు తిరిగితే బెంగళూరు నుంచి వేలమంది మూటాముల్లె సర్దుకుని రైళ్ళెక్కినారు. మనకు నూరు కిలోమీటర్ల దూరంలో జరిగిన సంగతి ఇది. మన కూలోళ్ళు పనిచేసే ఊర్లోనే జరిగింది. ప్రభుత్వం రోజుకు ఐదు మెసేజీలకు మించి ఒకేసారి పంపకుండా కొన్నాళ్ళు కట్టడి చేసింది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్ పుకారు. ఆ మే నెలలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక హిజ్రాను గుంపు కొట్టి చంపింది. బెంగళూరు పేటలో రాజస్థాన్ నుంచి బతకనీకి వచ్చిన ఒకాయన్ను చంపినారు. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడలో సంచార జాతికి చెందిన ఐదుగురు భిక్షగాళ్ళను చంపినారు. ఆ నెలలోనే వాట్సాప్ కంపెనీ ఇండియాలో ఒకసారికి ఐదుగురికి మించి ఫార్వర్డు పోకుండా చేసింది.

చచ్చినోళ్ళ లెక్క తీయండి. హిజ్రా, వలస కూలి, సంచారి, భిక్షగాడు. కారులో వచ్చినోణ్ణి పిల్లల దొంగ అని చెట్టుకు కట్టేయడం అరుదు. మన ఊర్లకు ఏటా వచ్చే బుడగ జంగాలు, గంగిరెద్దులోళ్ళు, చాపలు అల్లేవాళ్ళు ఎవరు? మనకంటే ఒక మెట్టు కింద కూర్చోబెట్టబడిన మన అన్నదమ్ములు. వాళ్ళ మీదికి రాయి విసిరే పుకారును మన గేరి పిల్లోడే ఫార్వర్డు చేసినాడంటే దానికన్నా సిగ్గు ఏముంటుంది? తప్పెట కొట్టినోడు పదిమంది ముందర నిలబడి కొట్టినాడు. ఎవరు చాటమన్నారో అడిగితే చెప్పేవాడు. ఈ చాటింపుకు మొదలు ఎవరో తెలియదు. మొదలు తెలియని మాటను మోయనని చెప్పే హక్కు మన తాతకు లేకపోయింది. మనకుంది. ఆ హక్కు వాడుకోండి.

2022 మే 24న అమలాపురంలో జరిగిందీ మరిచిపోకూడదు. కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు పెడతామంటే ఓర్చుకోలేని గుంపులు మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టినాయి. ఆ గుంపులను కూడగట్టింది వాట్సాప్ గ్రూపుల్లోనే అని పోలీసులే చెప్పినారు. ఆ తర్వాత ఇంటర్నెట్ ఆపేసినారు. అంటే గలాటా చేసినోడి మెసేజీ సాయంత్రానికే పని ముగించుకుంది. ఆగిపోయింది మాత్రం అందరిదీ, మనదీ కూడా.

మన దండోరా మనం వేసుకున్న రోజు

ఇదంతా చూసి సెల్లు పారేయమని మేము చెప్పడం లేదు. తప్పెటను ఎవరు పారేసినారు? 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన ఉద్యమం 'దండోరా' అనే పేరునే ఎత్తుకుంది. ఏ పనిని చూపించి కులాన్ని కించపరిచినారో అదే పనిని పేరుగా పెట్టుకుని, ఈసారి మాట కూడా మాదే అన్నారు. పనిముట్టు అదే, దాన్ని పట్టుకున్న చేయి మాత్రం తిరగబడింది. అంతకు ముందు 1985 జూలై 17న కారంచేడులో ఆరుగుర్ని చంపినప్పుడు మనకు సెల్లు లేదు, మెసేజీ లేదు. ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాల చేరినోళ్ళ నోటిమాటే కబురైంది. దాంతోనే రాష్ట్రమంతా కదిలింది, దళిత మహాసభ పుట్టింది. అంబేద్కర్ 1920 జనవరి 31న మరాఠీలో పక్షపత్రిక మొదలుపెట్టి దానికి 'మూక్‌నాయక్' అని, అంటే మూగవాళ్ళ నాయకుడు అని పేరు పెట్టినాడు. మనకు మాట ఎంత ముఖ్యమో ఆయనకు తెలుసు. మీ చేతిలో ఉన్న ఈ నాలుగు పేజీల కాగితం కూడా ఆ దారిలోదే.

మెసేజీలోనూ అట్లాంటి రోజు ఒకటి వచ్చింది. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని నీరుగార్చే తీర్పు ఇచ్చింది. పెద్ద పార్టీల పిలుపు కోసం ఎవరూ కాచుకోలేదు. ఊరూరా ఉన్న చిన్న చిన్న సంఘాలు, ఉద్యోగులు, విద్యార్థులు సెల్లుల్లోనే ఒకరికొకరు కబురు చేసుకున్నారు. ఏప్రిల్ 2న భారత్ బంద్ జరిగింది. ఉత్తరాది రాష్ట్రాల్లో మనవాళ్ళ ప్రాణాలు పోయినాయి, వేలమంది మీద కేసులు పడినాయి. ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని సవరించి మళ్ళీ నిలబెట్టింది. 2019 అక్టోబరు 1న సుప్రీంకోర్టు తన ఆదేశాలను తానే వెనక్కు తీసుకుంది. ఆ మెసేజీలో ఏముండింది? తేదీ, కారణం, ఏం చేయాలో. అంతే. మెసేజీ పిలిచింది, జనం రోడ్డు మీదికి వచ్చినారు. రోడ్డు మీదికి రాకుండా మెసేజీతోనే సరిపెట్టుకునుంటే ఆ చట్టం ఈ పొద్దు ఏ రూపంలో ఉండునో ఆలోచించండి.

గ్రూపులో 250, మీటింగులో 12

మన సంఘాల సంగతి మనమే దాచుకోకుండా చెప్పుకోవాల. పొద్దున లేస్తే గ్రూపులో నూరు 'జై భీమ్'లు. ఏప్రిల్ 14న ఫోను నిండిపోయేంత బొమ్మలు. అదే వారంలో ధర్మవరం పక్క ఊర్లో మనోళ్ళను గుడికాడ కొట్టినారంటే స్టేషన్‌కు వచ్చినోళ్ళు పన్నెండుమంది. "గ్రూపులో ఖండించినాం కదన్నా" అంటారు. ఖండన బొటనవేలితో అయిపోయేదైతే కారంచేడోళ్ళు చీరాల దాకా ఎందుకు నడిచినారు?

అంతకన్నా బాధ ఇంకోటుంది. 2024 ఆగస్టు 1న వర్గీకరణ మీద ఏడుగురు జడ్జీల తీర్పు వచ్చింది. ఆ రాత్రికి మేమున్న ఒక గ్రూపు రెండు గ్రూపులైంది. ఇరవై ఏండ్లు ఒకే కంచంలో తిన్న మాల, మాదిగ అన్నదమ్ములు ఊరోళ్ళు కూడా తిట్టని తిట్లు తిట్టుకున్నారు. వర్గీకరణ న్యాయమా కాదా అన్నది పెద్ద సంగతి, దాని మీద ఎవరి వాదన వాళ్ళకు ఉంటుంది, ఉండాల. కానీ ఆ వాదన రాత్రి పదకొండు గంటలకు, మొహం కనపడని చోట, ఒక్కో వాక్యం ఒక్కో రాయిలాగా విసురుకుంటే తెగేదేనా? ఎదురుగా కూర్చున్న మనిషి కంట్లో నీళ్ళు తిరిగితే నోరు తగ్గుతుంది. సెల్లుకు కంట్లో నీళ్ళు కనపడవు. ఆ తిట్ల బొమ్మలు తీసుకుని నవ్వుకున్నది ఎవరో మీకు చెప్పాల్నా? ఆ ఇద్దరు అన్నదమ్ములను చివరికి కలిపింది ఒక సావు. పాడె కాడ ఇద్దరూ భుజం పెట్టినారు. మళ్ళీ మాట కలవడానికి ఒకరు చచ్చేదాకా ఆగాల్నా?

సర్కారు మెసేజీ, కంపెనీ మెసేజీ

2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని మొదలుపెట్టింది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. ప్రధానమంత్రి వచ్చి మొదలుపెట్టినాడు. 2023 జనవరి 1 నుంచి ఆ పనిలో హాజరు సెల్లుకు ఎక్కింది. రోజుకు రెండుసార్లు ఫోటో. గుట్ట మీద సిగ్నల్ లేకపోతే చేసిన పని చేయనట్టే. మేటుతో అయినా కొట్లాడొచ్చు, సిగ్నల్‌తో ఎట్ల కొట్లాడేది?

2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లోనే 161 సేవలు మొదలుపెట్టింది. దీంట్లో మంచి ఉందని ఒప్పుకుంటాం. సర్టిఫికెట్టు కోసం కచేరి అరుగు కింద పూటలు పూటలు నిలబడింది మన జనమే కాబట్టి. కానీ రాకపోతే? అరుగు మీద మనిషి ఉంటే "ఎందుకివ్వవప్పా?" అని పదిమంది పోయి కూర్చోవచ్చు. మెసేజీ 'కుదరదు' అంటే ఎవరి ముందర కూర్చోవాల? అందుకే మేము అనేది, మెసేజీ ఉండనీ, మనిషి కూడా ఉండాల. కాదన్నప్పుడు కారణం తెలుగులో, సంతకంతో రావాల.

కంపెనీల పద్ధతీ అంతే. మా వైపు ఫ్యాక్టరీలు వచ్చినాయి, మన పిల్లలు కాంట్రాక్టు పనుల్లో చేరినారు. పేరెందుకులే, ఒక కంపెనీ కాంట్రాక్టరు కాడ ఎనిమిది నెలలు చేసిన పిల్లోళ్ళకు ఒక రాత్రి "రేపటి నుంచి రావద్దు" అని మెసేజీ. కారణం లేదు, కాగితం లేదు, రెండు వారాల కూలి బాకీ. వాళ్ళల్లో ఒక పిల్లోడు మాత్రం సూపర్‌వైజరు రోజూ పెట్టిన షిఫ్టు మెసేజీలు ఒక్కటీ చెరపలేదు. ఆ మెసేజీలు తేదీల వారీగా కాగితం మీద రాసి, సంఘం తరఫున పోయి ముందర పెట్టినాం. బాకీ కూలి అందరికీ వచ్చింది. పని మాత్రం మళ్ళీ రాలేదు. ధర్మవరంలో కూలిమగ్గం నేసే ఇండ్లలోనూ ఇదే కథ. డిజైను మెసేజీలో వస్తుంది, వద్దనేదీ మెసేజీలోనే వస్తుంది. పోగు తెగిన నష్టం మాత్రం మగ్గం కాడ మిగుల్తుంది.

తిట్టిన మెసేజీ చెరపొద్దు

కులం పేరుతో మెసేజీలో తిడితే కోపంతో చెరిపేస్తున్నారు. చెరపొద్దు. అది సాక్ష్యం. పంపినోడి నంబరు, తేదీ, గ్రూపు పేరు కనపడేట్టు ఫోటో తీసి పెట్టుకోండి. ఆ ఫోను అమ్మొద్దు, మార్చొద్దు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నలుగురి ఎదుట కులం పేరుతో అవమానించడం నేరం. ఇంటర్నెట్‌లో తిట్టినా నలుగురి ఎదుట తిట్టినట్టేనని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. ఈ కేసును డీఎస్పీకి తగ్గని అధికారే దర్యాప్తు చేయాల. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టాల ప్రకారం ఫిర్యాదును ఫోను ద్వారా, మెయిలు ద్వారా కూడా పంపొచ్చు, మూడు రోజుల్లోపల పోయి సంతకం పెట్టాల. మెసేజీని కోర్టులో సాక్ష్యంగా పెట్టడానికి సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్టు కావాల, ఆ మాట వకీలుకు మొదటి రోజే గుర్తుచేయండి. దళితుల మీద అత్యాచారాలకు 14566, డబ్బు మోసాలకు 1930. ఈ రెండు నంబర్లు గేరి గోడ మీద సున్నంతో రాయండి.

ఇక చేయాల్సిన పనులు. ప్రతి గేరిలో ఆదివారం సాయంత్రం ఒక గంట, చదువుకున్న పిల్ల ఒకరు చెట్టు కింద కూర్చుని అవ్వాతాతల సెల్లుల్లో వచ్చిన మెసేజీలు చదివి చెప్పాల. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని అప్పుడే నేర్పాల. ఎవరి మాటో, ఎప్పటిదో, ఎవరి మీదికి పోతుందో తెలియని మెసేజీని మోయొద్దు. పిలవడానికి మెసేజీ, తేల్చుకోవడానికి మీటింగు. మనలో మనకు గొడవైతే ఫోను పక్కనపెట్టి ఎదురెదురుగా కూర్చోవాల. ఆడబిడ్డ చేతిలో ఫోను గుంజుకోవద్దు, ఎట్ల వాడాలో నేర్పండి. నెలకొక అర్జీ అయినా పిల్లలతో తెలుగులో రాయించండి.

ఆ అవ్వ కాడికి మళ్ళీ పోయినాం. ఇప్పుడు ఆదివారం ఆదివారం ఏడో తరగతి మనవరాలు సెల్లు చదివి చెప్తావుంది. "ఇన్నాళ్ళూ ఊరోళ్ళ కబుర్లు మోసినాం నాయనా, మన కబురు మనకు ఇనపడడానికి ఇంతకాలం పట్టె" అనింది అవ్వ. ఇంతకంటే మేము చెప్పేది లేదు. ఈ పేజీ చదవడం వచ్చినోళ్ళు చదవడం రానోళ్ళకు చదివి వినిపించండి.

జై భీమ్.